వైద్యుని చీటీ – చర్చి వాకిలి

ఇంగ్లండులో సామాన్య కుటుంబీకుడు ఒంట్లో బాగులేక తన పేటలోని వైద్యుని చూడబోతే, ఆ వైద్యుడు అతనికి ఇవ్వగలిగిన వ్యవధి సుమారు పది నిమిషాలు. ఆ పది నిమిషాలలోనే రోగి తన బాధ చెప్పుకోవలెను, వైద్యుడు పరీక్షించవలెను, మందు వ్రాసి ఇవ్వవలెను, తరువాతి మనిషిని పిలువవలెను. వచ్చినవాడు మోకాలు నొప్పి అంటాడు. రాత్రులు నిద్ర పట్టడం లేదంటాడు. గుండె దడగా ఉన్నదంటాడు. నాడి చూస్తే నాడి బాగానే ఉన్నది. నెత్తురు పరీక్షలో దోషమేమీ కనిపించదు. కొంచెం తరచి అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. భార్య పోయి ఏడాది అయినది. కొడుకుకు వేరొక ఊళ్ళో ఉద్యోగం. ఇంటి అద్దె మూడు నెలలు బాకీ. గడచిన వారంలో తనతో నోరు విప్పి మాట్లాడిన మనిషి, దుకాణంలో డబ్బు పుచ్చుకున్న పిల్ల ఒక్కతే. దీనికి ఏ మాత్ర వ్రాస్తారు?

ఇది ఎక్కడో ఒక్కరికి వచ్చిన కష్టం కాదు. 2015లో సిటిజెన్స్ అడ్వైస్ అనే సలహా సంస్థ అక్కడి కుటుంబ వైద్యులను ప్రశ్నించి చూడగా, రోగులతో గడిపే కాలంలో నూటికి 19 వంతులు వైద్యానికి సంబంధించని విషయాలకే పోతున్నవని వారు అంచనా కట్టినారు. అప్పులు, ఇంటి తగాదాలు, ఉద్యోగం ఊడిపోవడం, ఒంటరితనం — ఇవి వైద్య కళాశాలలో చెప్పే పాఠాలు కావు. అయినా వాటి బరువు వచ్చి పడేది వైద్యుని బల్ల మీదనే.

ఈ చిక్కుకు విరుగుడుగా ఆ దేశంలో వ్యాపించిన పద్ధతికి సోషల్ ప్రిస్క్రైబింగ్ అని పేరు. మందు వ్రాసి ఇచ్చినట్లే మనుషులను వ్రాసి ఇవ్వడం అన్నమాట. వైద్యుడు రోగిని లింక్ వర్కరు అనే కార్యకర్త వద్దకు పంపుతాడు. ఆ కార్యకర్త తొందరపడకుండా గంటసేపైనా కూర్చుండి, మీకేమి జబ్బు అని గాక, మీకు ముఖ్యమైనదేమిటి అని అడిగి తెలుసుకొని, పేటలో ఉన్న తోటపని బృందానికో, పాటల బృందానికో, అప్పుల విషయంలో సలహా చెప్పేవారి వద్దకో, నలుగురూ కలిసి భోంచేసే చోటికో చేరుస్తాడు. మొదటి రోజున తానే వెంట వెళ్ళి దిగబెట్టడం కూడ కద్దు.

దీనికి మన భాషలో ఇంకా మాట స్థిరపడలేదు. 'సాంఘిక చికిత్స' అని ప్రస్తుతానికి అనుకుందాము. ఇలా అనడంలో ఒక సౌకర్యం కూడ ఉన్నది. మనము జనసమాజం అన్న అర్థంలో సంఘం అంటాము. తెలుగు క్రైస్తవులు తమ చర్చిలో కూడే విశ్వాసుల సమూహాన్ని కూడ సంఘమనే అంటారు; పాదరీగారిని సంఘకాపరి అంటారు. ఒకే మాట రెండింటికీ చెల్లుతున్నది. ఆ రెండు సంఘాలూ ఒకే గుమ్మంలో కలుసుకున్నప్పుడు ఏమి జరిగినది, కలియలేకపోయినచోట అడ్డుపడినదేమిటి అన్నదే ఈనాటి మన ప్రసంగ విషయం.

ఆరోగ్యానికి మందుతో పాటు తోడు కావలెనన్న ఊహ కొత్తదేమీ కాదు. దక్షిణ లండనులోని పెకమ్ అనే పేటలో 1926లో జార్జి స్కాట్ విలియమ్‌సన్, ఇన్నెస్ పియర్స్ అనే ఇద్దరు వైద్యులు ఒక ప్రయోగం ప్రారంభించినారు. 1935లో దానికి ఈతకొలను సహితంగా ఒక పెద్ద భవనం వెలసినది. వారానికి ఒక షిల్లింగు చందా కట్టిన కుటుంబమంతా అక్కడికి వచ్చి ఈదవచ్చును, ఆడవచ్చును, కబుర్లు చెప్పుకోవచ్చును. ఏటేటా ఆరోగ్య పరీక్ష చేయించుకోవచ్చును. యుద్ధకాలంలో మూతపడి, 1946లో మరల తెరచి, 1950లో శాశ్వతంగా మూసివేసినారు. 1948లో ఏర్పడిన జాతీయ ఆరోగ్య సేవలో, జబ్బు లేనివారిని చేరదీసే ఈ సంస్థను ఏ పద్దు క్రింద చేర్చవలెనో ఎవరికీ తోచలేదు. ఈ పద్దుల సమస్య మనకు మరల ఎదురవుతుంది.

ఆ తరువాత ఈ ఊహకు ఊపిరి పోసినది ఆస్పత్రి కాదు. తూర్పు లండనులో శిథిలావస్థలో ఉన్న ఒక చర్చి.

బ్రామ్లీ-బై-బో అనే ఆ పేట రేవులు మూతపడి, పనులు పోయి, నానా దేశాల నుండి వచ్చిన పేదలు కాపురముండే చోటు. 1984లో ఆండ్రూ మాసన్ అనే యువ పాదరీ అక్కడి యునైటెడ్ రిఫార్మ్‌డ్ చర్చికి సంఘకాపరిగా వచ్చినారు. ఆయన చెప్పుకున్న లెక్క ప్రకారం, ఇన్నూరుమంది పట్టే మందిరంలో ఆరాధనకు వచ్చేవారు డజనుమంది వృద్ధులు. బ్యాంకులో నిల్వ 400 పౌండ్లు. ఇటువంటి చోట సాధారణంగా రెండు పనులలో ఒకటి జరుగుతుంది. భవనాన్ని అమ్మివేస్తారు, లేదా కప్పు బాగుచేయడానికి చందాలు పోగుచేస్తారు. మాసన్ గారు ఈ రెండూ చేయలేదు. తలుపులు తెరచినారు. స్థలం లేక అవస్థపడుతున్న శిల్పులకూ, చిత్రకారులకూ చర్చి గదులు ఇచ్చినారు. బదులుగా పేటలోని వారికి తమ విద్య నేర్పమన్నారు. పసిపిల్లల కొరకు శిశుశాల వచ్చినది. పిల్లలను దింపడానికి వచ్చిన తల్లులు వెంటనే ఇంటికి పోరు గదా. వారు కూర్చుండి కాఫీ త్రాగే చోటు వచ్చినది. ఇంగ్లీషు రాని బంగ్లాదేశపు స్త్రీలకు భాష నేర్పే తరగతులు వచ్చినవి. కుండలు చేయడం, రాతి చెక్కడం, తోటపని — ఒకటి వెంట ఒకటి.

ఈ చర్చికీ మన తెలుగుదేశానికీ దూరపు చుట్టరికమొకటి ఉన్నది. యునైటెడ్ రిఫార్మ్‌డ్ చర్చి 1972లో ప్రెస్బిటేరియనులూ కాంగ్రిగేషనలిస్టులూ కలియగా ఏర్పడినది. ఆ కాంగ్రిగేషనలిస్టులే లండన్ మిషనరీ సొసైటీకి ముఖ్యమైన ఆలంబన. ఆ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అనే ఇద్దరు 1805లో విశాఖపట్టణంలో దిగినారు. కడపలో దాని పాఠశాలలూ సంఘాలూ వెలసినవి. ఆ సంఘాలు 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలసినవి. అంటే, 1805లో మన తీరానికి మనుషులను పంపిన వంశంలోని చర్చియే, 1984 నాటికి తన వీధిలోని మనుషులను ఎట్లా పలకరించవలెనా అని ఆలోచనలో పడినది.

బ్రామ్లీ-బై-బో చర్చిని వైద్యశాల వైపు మళ్ళించినది ఒక మరణం. 1990ల తొలి భాగంలో, ఇద్దరు చిన్న పిల్లల తల్లి, ముప్పదియైదేండ్ల స్త్రీ, ఆ పేటలో క్యాన్సరుతో మంచం పట్టినది. ఆమె బాగోగులు చూడవలసిన ఆస్పత్రివారూ, జిల్లా నర్సులూ, సాంఘిక సేవాశాఖవారూ, కుటుంబ వైద్యుడూ ఎవరికి వారే ఉన్నారు. ఒకరి కాగితం ఒకరికి చేరదు. చివరకు వండిపెట్టినదీ, పిల్లలను చూసినదీ, రాత్రులు కూర్చున్నదీ ఆ చర్చివారూ ఇరుగుపొరుగువారూ. ఆమె పోయిన తరువాత మాసన్ గారు అధికారులను నిలదీసినారు. ఇన్ని శాఖలు ఉండగా ఒక్క మనిషికి ఏమీ అందకపోవడానికి కారణం చెప్పమన్నారు. ఆ వివాదం నుండి 1997లో చర్చి ప్రక్కనే ఆరోగ్య కేంద్రం వెలసినది. ఇందులో విశేషం, భవనానికి యజమాని పేట ప్రజల సంస్థ. వైద్యులు అందులో అద్దెకున్నవారు. సామ్ ఎవరింగ్‌టన్ మొదలైన వైద్యులు తమ గది దాటి పది అడుగులు నడిస్తే తోట, ఇంకొక పది అడుగులు నడిస్తే కుమ్మరి సారె. రోగికి చిరునామా వ్రాసి ఇచ్చి ఎక్కడికో పంపవలసిన పని లేకపోయినది. మాసన్ గారు 2007లో ప్రభువుల సభలో సభ్యులైనారు. అది చెప్పుకోదగిన సంగతియే గాని, నాకు అంతకంటె ముఖ్యంగా తోచినది, ఆ శిల్పుల నుండి అద్దె తీసుకొనకుండ విద్య తీసుకున్న తొలి ఒప్పందం.

ఎందుకంటే, ఆ ఒప్పందంలో ఒక సూత్రం ఉన్నది. వచ్చినవాడు చేయి చాచినవాడుగా గాక, చేతిలో ఏదో ఉన్నవాడుగా లోపలికి వచ్చినాడు. దానధర్మాలకు చర్చిలు కొత్తవి కావు. అయితే దానం పుచ్చుకున్నవాని తల కొంచెం వంగుతుంది. రోజూ వంగిన తల ఒక రకం రోగమే గదా! కుండ చేయడం నేర్చుకోవడానికి వచ్చిన విధవరాలు ఆరు నెలలకు కొత్తగా వచ్చినవారికి మట్టి పిసకడం చూపిస్తే, ఆ నెలలో ఆమె వైద్యుని వద్దకు ఎన్నిమార్లు పోతుందో ఊహించుకోవచ్చును.

మన మెదకు చర్చి కథలో కూడ ఈ సూత్రమే కనిపిస్తుంది. 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకున్న ఆ మహామందిరాన్ని కరువు రోజులలో పనికి ఆహారమిచ్చి కట్టించినారని మెదకు ప్రాంతంలో నేటికీ చెప్పుకుంటారు. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మెథడిస్టు పాదరీ ఆ పనికి పూనుకున్నారు. ఊరికే గంజి పోస్తే ఆకలి తీరేది. రాయి మోసి, సున్నం కలిపి, గోడ లేపినవాని మనుమడు ఈనాడు ఆ గోడను చూపించి మా తాత కట్టినాడని చెప్పుకుంటున్నాడు. గంజిని చూపించి అట్లా చెప్పుకోవడానికి వీలు లేదు.

చర్చి తన భవనాన్ని తెరవడం ఒక ఎత్తు. చెవిని తెరవడం ఇంకొక ఎత్తు. లండను నగరం నడిబొడ్డున సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రుక్ అనే చర్చిలో 1953లో జరిగిన సంగతి ఇందుకు నిదర్శనం. చాడ్ వారా అనే పాదరీ, ప్రాణం తీసుకొనవలెనన్నంత దుఃఖంలో ఉన్నవారు తనతో టెలిఫోనులో మాట్లాడవచ్చునని ప్రకటించినారు. ఆ సంవత్సరం నవంబరు 2వ తేదీన మొదటి పిలుపు వచ్చినది. త్వరలోనే ఫోను చేసేవారూ, స్వయంగా వచ్చేవారూ ఎక్కువైనారు. వారా గారు ఒక్కరే ఎంతమందితో మాట్లాడగలరు? తమ వంతు కొరకు ముందు గదిలో కాచుకున్నవారికి టీ కాచి ఇవ్వడానికి కొందరు సామాన్య స్త్రీ పురుషులు స్వచ్ఛందంగా వచ్చినారు. టీ ఇచ్చి ఊరక నిలబడలేరు గనుక ప్రక్కన కూర్చుండి వినేవారు. కొన్ని వారాలు గడచిన తరువాత వారా గారు ఒక చిత్రం గమనించినారు. టీ త్రాగి, చెప్పుకోవలసినది చెప్పుకొని, చాలమంది పాదరీగారిని చూడకుండానే ఇంటికి వెళ్ళిపోతున్నారు. ఇంకొకరైతే దీనిని తమ పరపతికి లోపంగా భావించి ఉండేవారు. ఆయన 1954 ఫిబ్రవరిలో ఆ టెలిఫోనును ఆ టీ ఇచ్చేవారికే అప్పగించినారు.

ఆ బృందానికి ఒక దినపత్రిక శీర్షిక నుండి సమరిటన్స్ అనే పేరు వచ్చినది. పేరు బైబిలు కథలోనిదే అయినా, అక్కడ ఫోను ఎత్తేవారు మతబోధ చేయరాదన్నది మొదటి నుండీ నియమం. పాదరీయే ఈ నియమం పెట్టడం గమనించదగినది.

మా రేడియో వృత్తిలో ఉన్నవారికి ఈ సంగతి కొంత అనుభవమే. ఫలానా పాట వినిపించమని వచ్చే ఉత్తరంలో పాటను గురించి ఒక వాక్యం ఉంటుంది. తక్కిన మూడు పుటలూ ఇంటి సంగతులే. కోడలి సంగతి, కాలు నొప్పి సంగతి, పక్క వాటా ఖాళీ అయిన సంగతి. పాట వేయగలము, పేరు చదవగలము. తరువాత ఏమైనదమ్మా అని ఎదురు ప్రశ్న వేయడానికి మాకు సాధనం లేదు. రేడియో మాట్లాడుతుంది, వినలేదు. ఆ పని ఎవరైనా ఎదురుగా కూర్చుండి చేయవలసినదే.

ఇక ఈనాటి పరిస్థితికి వద్దాము. ఆ దేశ ప్రభుత్వం 2018లో ఒంటరితనం విషయమై ఒక మంత్రిని నియమించి, అదే ఏడాది అక్టోబరులో ఒక ప్రణాళికను ప్రకటించినది. 2019 జనవరిలో జాతీయ ఆరోగ్య సేవవారు తమ దీర్ఘకాల ప్రణాళికలో, రెండేండ్లలో వెయ్యిమందికి పైగా లింక్ వర్కర్లను నియమిస్తామనీ, 2023–24 నాటికి తొమ్మిది లక్షలకు పైగా ప్రజలను ఈ విధంగా పంపడం లక్ష్యమనీ వ్రాసుకున్నారు. ఆ సేవలో పనిచేసే వైద్యులలో మన దేశంవారు, తెలుగువారు కూడ, చాలమంది ఉన్నారు గనుక, ఆ చీటీ వ్రాసే చేయి మన వాళ్ళదే కావడం అరుదేమీ కాదు.

పంపుతారు సరే, ఎక్కడికి? ఇక్కడనే చర్చి మాట వస్తుంది. ఇంగ్లండులో తపాలా కచేరీలు మూతపడినవి, బ్యాంకు శాఖలు మూతపడినవి, గ్రంథాలయాలు మూతపడినవి. ఒక్క చర్చి ఆఫ్ ఇంగ్లండుకే సుమారు 16,000 మందిరాలు ఉన్నవి. దేశమంతా పారిష్ అనే పేటలుగా విభజింపబడి ఉన్నది. ఏ మూలలో ఉన్న ఇల్లైనా ఏదో ఒక పారిష్‌లోనిదే. ఆ ఇంటివారు చర్చి ముఖం చూడనివారైనా వారి యోగక్షేమాలు పాదరీగారి బాధ్యతయే. చాల మందిరాలకు ప్రక్కన ఒక హాలు, హాలులో బల్లలు, కుర్చీలు, నీళ్ళు కాచే పెద్ద పాత్ర. మంగళవారం వృద్ధుల భోజనం, గురువారం పసిపిల్లల కూటమి. అప్పులలో మునిగినవారికి సహాయపడే క్రిస్టియన్స్ అగైన్‌స్ట్ పావర్టీ అనే సంస్థ 1996లో బ్రాడ్‌ఫర్డులో పుట్టినది. ట్రస్సెల్ వారి మొదటి ఆహార నిధి 2000లో సాల్స్‌బరీలో వెలసినది. ఈనాడు ఆ నిధులలో చాల భాగం చర్చి హాళ్ళలోనే నడుస్తున్నవి. 2022 చలికాలంలో గ్యాసు ధరలు విపరీతంగా పెరిగి ఇంట్లో వెచ్చదనం కొనలేని వారికి వేలకొలది చోట్ల వెచ్చని గదులు తెరిచినప్పుడు, వాటిలో చర్చిలు ఎన్నో ఉన్నవి. అక్కడ టీ ఉచితం. పద్దు పుస్తకంలో పేరు వ్రాయనక్కరలేదు. ఎందుకు వచ్చినారని అడిగేవారు లేరు.

ఇంతవరకు అంతా బాగున్నది. ఇక చిక్కులు.

మొదటిది డబ్బు. బైబిలులోని సమరయుని కథలో అందరూ జ్ఞాపకముంచుకునేది, దొంగల చేతిలో దెబ్బలు తిని పడి ఉన్న బాటసారిని అతడు లేవనెత్తి గాయాలు కట్టడం. కథ అక్కడ ముగియలేదు. అతడు ఆ బాటసారిని సత్రానికి చేర్చి, మరునాడు సత్రపువానికి రెండు దేనారములు ఇచ్చి, పైన ఖర్చైతే తిరుగు ప్రయాణంలో తీరుస్తానన్నాడు. ఆరోగ్య సేవవారు లింక్ వర్కరుకు జీతమిస్తున్నారు. ఆ కార్యకర్త మనిషిని సత్రం వరకూ తీసుకొని వస్తున్నాడు. సత్రపువానికి ఇచ్చే రెండు దేనారములు ఏ పద్దులోనూ లేవు. వారానికి ఇరవైమంది వచ్చే భోజనానికి చీటీలు పుచ్చుకొని నలభైమంది వస్తే, అదనపు బంగాళాదుంపలకు, దీపాలకు, హాలు వెచ్చచేయడానికి ఖర్చు పెట్టేదెవరు? వండేవారు డెబ్బదియేండ్ల అమ్మలు ముగ్గురు. వారిలో ఒకరు పడిపోతే మంగళవారం భోజనం ఆగిపోతుంది. వైద్యుని పుస్తకంలో మాత్రం ఆ చిరునామా అట్లాగే ఉంటుంది. పెకమ్ భవనాన్ని మూయించిన పద్దుల సమస్య ఇదే రూపంలో మరల వచ్చినది. చర్చిలు ఉచితంగా చేస్తాయి గదా అని ప్రభుత్వం చేతులు దులుపుకొంటే, అది సాంఘిక చికిత్స కాదు, బరువు మార్పిడి. ఈ విషయంలో చర్చి పెద్దలు మొహమాటపడకుండా లెక్క చెప్పి అడగడమే న్యాయమని నా అభిప్రాయం.

రెండవది మతం. వైద్యుడు పంపగా వచ్చిన ముసల్మాను ముసలాయన, దేవుడంటేనే గిట్టని పడుచువాడు, చిన్ననాడు చర్చిలోనే అవమానం పొంది మరల గడప త్రొక్కనని ఒట్టు పెట్టుకున్న ఇల్లాలు — వీరికి ఆ వాకిలి ఎట్లా కనిపిస్తుంది? సూపు గిన్నెతో పాటు కరపత్రం కూడ చేతిలో పెడితే, వచ్చినవాడు సూపు త్రాగి మరల రాడు, కరపత్రమూ చదవడు. దుఃఖంలో ఉన్నవానికి కాదనే శక్తి ఉండదు. ఆ బలహీనత మీద మతమార్పిడి చేయబూనడం ధర్మం కాదని చెప్పడానికి అన్య మతస్థుడు కానక్కరలేదు. వారా గారు పాదరీగా ఉండే ఆ మాట చెప్పినారు. అట్లని చర్చి తన విశ్వాసాన్ని దాచుకొని క్లబ్బు వేషం వేయవలెననడమూ సబబు కాదు. గోడ మీద సిలువ ఉన్నది, ఉంటుంది. ప్రార్థన కావలెనన్నవారికి ప్రక్క గదిలో ప్రార్థన. అడిగితే చెప్పడం, అడగకపోతే టీ పోయడం. బంగ్లాదేశపు ముస్లిం స్త్రీలు బ్రామ్లీ-బై-బోలో ఇంగ్లీషు నేర్చుకున్నది ఈ మర్యాద పాటించినందువల్లనే.

మూడవది చెప్పడానికి కష్టమైనదే గాని చెప్పక తప్పదు. దుర్బలులను నమ్మి అప్పగించే చోటు నమ్మదగినదై ఉండవలెను. ఆ దేశంలో పిల్లలపై జరిగిన లైంగిక అత్యాచారాలను విచారించిన స్వతంత్ర సంఘం 2020 అక్టోబరులో ఆంగ్లికన్ చర్చిని గూర్చి నివేదిక ఇచ్చినది. 1940ల నుండి 2018 వరకు పాదరీలూ, చర్చిలో నమ్మకమైన స్థానాలలో ఉన్నవారూ 390 మంది ఇటువంటి నేరాలకు శిక్ష పొందినారని అందులో ఉన్నది. చర్చి తన పేరు కాపాడుకోవడానికి బాధితులకంటె ఎక్కువ శ్రద్ధ చూపినదని ఆ నివేదిక ఆక్షేపించినది. కనుక వాకిలి తెరిస్తే చాలదు. ఆ వాకిట నిలబడేవారెవరో విచారించి పెట్టుకోవలెను. ఒంటరిగా గదిలోకి తీసుకొనిపోయి మాట్లాడే పద్ధతి ఉండరాదు. ఫిర్యాదు చేయదలచినవానికి చర్చికి వెలుపల ఒక చిరునామా ఇవ్వవలెను. మంచివారము గదా, మాకెందుకీ నిబంధనలని నొచ్చుకునే వారు కొందరుంటారు. నొచ్చుకున్నా సరే.

ఇంతకూ ఈ చికిత్స వల్ల గుణం కనిపిస్తున్నదా? సోమర్‌సెట్ జిల్లాలో ఫ్రోమ్ అనే చిన్న పట్టణం ఉన్నది. అక్కడ హెలెన్ కింగ్‌స్టన్ అనే వైద్యురాలి చొరవతో 2013 నుండి పేట బృందాలను వైద్యంతో ముడిపెట్టినారు. 2017 వరకు లెక్క చూస్తే ఆ పట్టణంలో అత్యవసరంగా ఆస్పత్రిలో చేరేవారి సంఖ్య నూటికి 14 వంతులు తగ్గినది. అదే కాలంలో జిల్లా మొత్తం మీద 28 వంతులకు పైగా పెరిగినది. ఈ అంకెలు విని సంబరపడేముందు ఇంకొక సంగతి చెప్పవలెను. యార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇటువంటి 15 ప్రయత్నాలను గూర్చిన నివేదికలను పరిశీలించి 2017లో ప్రచురించిన వ్యాసంలో, వాటిలో చాలవరకు చిన్నవనీ, పోల్చి చూసే ఏర్పాటు లేనివనీ, వీటిని ఆధారం చేసుకొని గుణం రూఢి చేయలేమనీ తేల్చినారు. ఫ్రోమ్‌లో ఇంకా వేరే మార్పులు కూడ జరిగినవి గనుక తగ్గుదల యావత్తూ దీనివల్లనే అనలేము. నలుగురిలో కూర్చుంటే మనస్సు తేలికపడుతుందన్నది నిజమే గాని, నిజమైన విషాద రోగానికి, మతిభ్రంశానికి వైద్యం వైద్యమే. మాత్ర మానివేసి పాటల బృందంలో చేరమనే చర్చి ఏదైనా ఉంటే, దానికి చీటీ వ్రాయకపోవడమే మేలు.

మన తెలుగునాట చర్చికీ వైద్యానికీ గల సంబంధం పాతది. ఆన్నా సారా కుగ్లర్ అనే అమెరికన్ వైద్యురాలు 1883లో గుంటూరుకు వచ్చి, 1898లో స్త్రీలకూ పిల్లలకూ ఆస్పత్రి తెరిపించినారు. ఆనాడు మన స్త్రీలకు వైద్యుడే కరువు; కనుక చర్చి ఆస్పత్రి కట్టినది. ఈనాడు మన పట్టణాలలో ఆస్పత్రి వెంట ఆస్పత్రి ఉన్నది. బిడ్డలు డాలసులోనో మెల్బోర్నులోనో ఉండగా, మూడు పడకగదుల ఇంటిలో ఇద్దరో ఒక్కరో మిగిలి, రక్తపోటు చూపించుకునే నెపంతో వారం వారం ఆస్పత్రికి పోయే పెద్దలూ ఉన్నారు. పరామర్శ అనే మంచి మాట మన భాషలో ఉన్నది. సంఘంలో ఎవరైనా జబ్బుపడితే స్త్రీల సమాజంవారు వెళ్ళి పరామర్శించి, ప్రార్థించి, పండ్లు ఇచ్చి రావడం తెలుగు క్రైస్తవులకు అలవాటైన పనియే. ఆ పరామర్శ సంఘం పట్టికలో పేరున్నవారితో ఆగిపోకుండా, ప్రక్క వీధి దాకా పోగలదా అన్నదే ప్రశ్న.

పోగలదనుకునే సంఘకాపరి ఎవరైనా ఉంటే, మొదలు పెట్టడానికి పెద్ద ప్రణాళికలు అవసరం లేదు. సమీపంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు డాక్టరుగారి వద్దకు వెళ్ళి, పేర్లు అడగకుండా, జబ్బు లేకుండానే తరచుగా వచ్చేవారు ఎందరు ఉన్నారని అడగవచ్చును. వారిలో ఇష్టపడినవారిని వారంలో ఒక సాయంత్రం పంపగలరా అనీ, వచ్చినవారికి చేతనైన విద్య ఏదైనా ఉంటే అది చెప్పి పంపగలరా అనీ అడగవచ్చును. జడలు వేయడం వచ్చిన అమ్మగారు, లెక్కలు చెప్పగల రిటైరయిన మాస్టారు, గడియారం బాగుచేయగల తాతగారు ఎవరో ఒకరు తప్పక తేలుతారు. తరువాత చర్చి హాలు ఆ సాయంత్రం ఖాళీగా ఉన్నదో లేదో చూసుకోవలెను. ఆ వెంటనే హాలు తాళంచెవి ఎవరి వద్ద ఉన్నదో కనుక్కోవలెను. చాల ఊళ్ళలో అది కోశాధికారిగారి బీరువాలో ఉంటుంది. ఆదివారం తప్ప తక్కిన రోజులలో ఆయన ఊళ్ళో ఉండరు.